నెలకు లక్ష చేతికి రావాలంటే గ్రాస్ ఎంత, సీటీసీ ఎంత: వెనక నుంచి లెక్క

మీ ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి ఆఫర్ రాబోతోంది. కటింగులన్నీ పోను నెలకు 1,00,000 బ్యాంకులో పడాలి. హెచ్ఆర్ వాళ్లేమో ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, అంటే కంపెనీ మీ కోసం ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, ఎంతో చెప్పమంటున్నారు. 13 లక్షలు అనాలా, 15 అనాలా, 18 అనాలా?

ముందు జవాబు చెప్పి, తర్వాత లెక్కలోకి వెళ్తాను. పీఎఫ్ నెలకు 1,800 మాత్రమే కోసే కంపెనీ అయితే 12.76 లక్షల సీటీసీ సరిపోతుంది. పీఎఫ్‌ను మొత్తం బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) మీద 12 శాతం కోసే కంపెనీ అయితే దాదాపు 14.95 లక్షలు కావాలి. రెండు చోట్లా చేతికొచ్చేది అదే లక్ష, కానీ సీటీసీలో తేడా రెండు లక్షలకు పైనే. అందుకే "లక్ష కావాలంటే ఎంత సీటీసీ" అనే ప్రశ్నకు ఒకే అంకె చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. పీఎఫ్ దేని మీద కోస్తారో తెలియకుండా ఆ అంకె చెప్పడం కుదరదు.

ఈ లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరం రేట్లతో, కొత్త పన్ను విధానంలో వేసినవి. బేసిక్ సీటీసీలో సగం అనీ, గ్రాట్యుటీని కూడా సీటీసీలో చూపిస్తారనీ, వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) లేదనీ అనుకున్నాను. వేరియబుల్ ఉంటే ఏమవుతుందో కింద విడిగా ఉంది, అది తప్పకుండా చదవండి.

మూడు అంకెలు, మధ్యలో రెండు జల్లెడలు

సీటీసీ అంటే మీ కోసం కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అందులోంచి కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, కొన్ని చోట్ల గ్రూపు ఇన్సూరెన్సు ప్రీమియం తీసేస్తే మిగిలేది గ్రాస్. పేస్లిప్‌లో ఎడమవైపు కూడిక కింద కనిపించేది ఇదే. గ్రాస్‌లోంచి మీ వాటా పీఎఫ్, వృత్తి పన్ను, టీడీఎస్ (జీతంలోంచే కోసే ఆదాయపు పన్ను) పోతే మిగిలేది చేతికొచ్చే జీతం.

చాలామంది సీటీసీ దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తారు. మీ లక్ష్యం చేతికొచ్చే అంకె కాబట్టి మీరు కింద నుంచి పైకి వెళ్లాలి. ముందు గ్రాస్ తేల్చుకోండి, సీటీసీ ఆ తర్వాత. ఈ రెండు మెట్లనూ కలిపేసి "సీటీసీలో 80 శాతం చేతికొస్తుంది" లాంటి అడ్డగోలు సూత్రాలు వాడితే ఒక జీతం దగ్గర సరిపోతుంది, ఇంకో జీతం దగ్గర నెలకు పదివేలు తేడా వస్తుంది.

కోతల్లో ఏది ఎంత

వృత్తి పన్ను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ ఒకటే: నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, 15,001 నుంచి 20,000 దాకా 150, ఆపైన 200. మీకు ఏడాదికి 2,400. మహారాష్ట్రలో ఫిబ్రవరి నెలకు 300 కోసి ఏడాదికి 2,500 చేస్తారు. ఢిల్లీ, హర్యానాల్లో అసలు ఉండదు. రాజ్యాంగమే దీనికి ఏడాదికి 2,500 పరిమితి పెట్టింది కాబట్టి, ఏ ఊళ్లో ఉన్నా ఇది మీ లెక్కను పెద్దగా కదిలించదు. ఒక్క సంగతి: కొత్త విధానంలో వృత్తి పన్నును ఆదాయంలోంచి తగ్గించుకోవడానికి వీల్లేదు.

లెక్కను అసలు కదిలించేది పీఎఫ్. చట్టం ప్రకారం మీ వాటా 12 శాతం, కంపెనీ వాటా 12 శాతం. అయితే చట్టబద్ధమైన జీత పరిమితి నెలకు 15,000. బేసిక్ అంతకు మించినా, 15,000 మీదే 12 శాతం అంటే 1,800 కోసి ఊరుకునే వెసులుబాటు కంపెనీకి ఉంది. కొన్ని కంపెనీలు అలాగే చేస్తాయి. కొన్ని మొత్తం బేసిక్ మీద కోస్తాయి. కొన్ని చేరేటప్పుడు మిమ్మల్నే ఎంచుకోమంటాయి. ఎంచుకునే అవకాశం ఉంటే చేరే రోజునే ఆలోచించి చెప్పండి. ఒకసారి మొత్తం బేసిక్ మీద మొదలైన కోతను ఉద్యోగం మధ్యలో 1,800కు తగ్గించమంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు.

కంపెనీ వాటా లైనులో 1,800 బదులు 1,950 కనిపిస్తే కంగారు పడకండి. ఈడీఎల్ఐ బీమాకు అర శాతం, పీఎఫ్ నిర్వహణ ఛార్జీకి అర శాతం, అంటే 75 చొప్పున రెండూ కలిపి మీ సీటీసీలోనే వేశారన్నమాట.

గ్రాట్యుటీ విషయానికొస్తే, బేసిక్‌లో 4.81 శాతం అని రాస్తారు. పనిచేసిన ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కపెట్టి: 15ను 26తో, మళ్లీ 12తో భాగిస్తే వచ్చేదే ఆ 4.81. ఇది నెలనెలా రాదు. పర్మనెంటు ఉద్యోగికి మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండితేనే చేతికొస్తుంది. సీటీసీలో ఉన్నా, ఇప్పటికి అది మీ డబ్బు కాదనుకునే లెక్క వేయండి.

బేసిక్ సగం అని ఎందుకు అనుకున్నానంటే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా 'వేతనం' కిందే లెక్కగట్టాలి. బేసిక్‌ను 30, 35 శాతం దగ్గర ఉంచి గ్రాట్యుటీ భారం తగ్గించుకునే పాత పద్ధతికి ఇప్పుడు లాభం లేదు. పీఎఫ్‌ను 15,000 పరిమితి మీదే కోసే చోట మాత్రం ఈ మార్పు వల్ల మీ చేతికొచ్చేది తగ్గదు.

పన్నును వెనక్కి తిప్పడం

కొత్త విధానంలో శ్లాబులు: 4 లక్షల దాకా సున్నా, 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, ఆపైన 30. ఆ పన్ను మీద 4 శాతం సెస్. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 75,000. పన్ను వేయదగ్గ ఆదాయం 12 లక్షలు దాటకపోతే సెక్షన్ 87ఏ కింద రిబేటు వచ్చి పన్ను మొత్తం పోతుంది. అంటే గ్రాస్ 12,75,000 దాకా టీడీఎస్ సున్నా.

మీ వాటా పీఎఫ్‌కు కొత్త విధానంలో మినహాయింపు లేదు. అది మీ చేతికి రాకపోయినా దాని మీద పన్ను మాత్రం పడుతుంది. వెనక నుంచి లెక్క వేసేవాళ్లు ఇక్కడే ఎక్కువగా జారుతారు. పీఎఫ్ తీసేసిన జీతం మీద పన్ను వేసుకుని, గ్రాస్‌ను తక్కువగా తేలుస్తారు.

పీఎఫ్ స్థిరంగా 1,800 ఉంటే పని తేలిక. మీకు ఏడాదికి కావలసిన మొత్తానికి పీఎఫ్ 21,600, వృత్తి పన్ను 2,400 కలపండి. వచ్చినదాన్ని 'పన్ను తర్వాతి మొత్తం' అందాం. అది ఎంతుంటే గ్రాస్ ఎంతో ఇలా తేల్చండి:

12,75,000 దాకా: అదే గ్రాస్, పన్ను లేదు.
12,75,000 నుంచి 15,50,200 దాకా: 15,50,200లోంచి మీ మొత్తాన్ని తీసేసి, 0.844తో భాగించి, వచ్చినదాన్ని 16,75,000లోంచి తీసేయండి.
15,50,200 నుంచి 18,67,000 దాకా: 15,50,200కు పైనున్నదాన్ని 0.792తో భాగించి 16,75,000కు కలపండి.
18,67,000 నుంచి 21,63,000 దాకా: 18,67,000కు పైనున్నదాన్ని 0.74తో భాగించి 20,75,000కు కలపండి.
ఆపైన: 21,63,000కు పైనున్నదాన్ని 0.688తో భాగించి 24,75,000కు కలపండి. పన్ను వేయదగ్గ ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌ఛార్జి మొదలవుతుంది, అక్కడికి ఈ సూత్రం పనికిరాదు.

ఈ అంకెలు ఎక్కడివంటే, ఒక్కో శ్లాబు అంచు దగ్గర గ్రాస్‌లోంచి సెస్‌తో సహా పన్ను తీసేసినవే. గ్రాస్ 16,75,000 అయితే పన్ను 1,24,800, మిగిలేది 15,50,200. 0.844 అంటే ఆ శ్లాబులో ప్రతి రూపాయికీ 15.6 పైసలు పన్ను, సెస్‌కు పోగా మిగిలేది. ఇక్కడ భాగించాలి, గుణించకూడదు. "20 శాతం పన్ను పోతుంది కాబట్టి 20 శాతం కలుపుదాం" అనుకుంటే ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఎందుకంటే మీరు కలిపిన డబ్బు మీద కూడా పన్ను పడుతుంది.

ఇప్పుడు మీ లక్ష. ఏడాదికి 12,00,000, దానికి 24,000 కలిపితే 12,24,000. ఇది 12,75,000 లోపే ఉంది, కాబట్టి గ్రాస్ 12,24,000. నెలకు 1,02,000, టీడీఎస్ సున్నా. దీన్ని సీటీసీగా మార్చాలంటే కంపెనీ పీఎఫ్ 21,600 కలపండి, 12,45,600 అయింది. గ్రాట్యుటీ సీటీసీలో సగం మీద 4.81 శాతం, అంటే సీటీసీలో 2.405 శాతం. కాబట్టి 12,45,600ను 0.97595తో భాగిస్తే 12,76,295. నమ్మకం కుదరకపోతే తిప్పి చూడండి: గ్రాట్యుటీ 30,695, కంపెనీ పీఎఫ్ 21,600, రెండూ పోను 12,24,000 సరిగ్గా వస్తుంది.

12.75 లక్షల గోడ

జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇక్కడే. పన్ను వేయదగ్గ ఆదాయం 12 లక్షలు దాటగానే రిబేటు పోతుంది. 12,00,010 రూపాయల ఆదాయానికి అరవై వేల పన్ను పడకుండా మార్జినల్ రిలీఫ్ ఉంది: దాటినదాని కంటే పన్ను ఎక్కువ కాకూడదు. బాగానే ఉంది, కానీ దాటిన ప్రతి రూపాయీ మొత్తం పన్నుకే పోతుంది, దాని మీద సెస్ 4 పైసలు అదనం. అంటే ఆ మేర జీతం పెరిగే కొద్దీ చేతికొచ్చేది కాస్త తగ్గుతుంది. ఆదాయం 12,70,588 చేరేదాకా ఇదే పరిస్థితి. అక్కడి నుంచి మామూలు శ్లాబు లెక్క మొదలవుతుంది.

అంకెల్లో చూడండి. పీఎఫ్ 1,800 పద్ధతిలో గ్రాస్ 12,75,000 అయితే నెలకు చేతికి 1,04,250. గ్రాస్‌ను 13,45,588కి పెంచితే నెలకు 1,04,015. డెబ్భై వేల హైకు వచ్చింది, చేతికి మాత్రం 235 తగ్గింది. మీ లక్ష్యం లక్ష బదులు 1,05,000 అయ్యుంటే గ్రాస్ 13,59,597 కావాలి. 1,04,250 నుంచి 1,05,000కు, నెలకు 750 పెరగడానికి ఏడాది గ్రాస్ 84,597 పెరగాలి.

కాబట్టి ఈ సరిహద్దులో ఉన్నవాళ్లు బేరం ఆడేటప్పుడు ఆ 70,000ను దాటేంత పెంపు అడగండి, లేదా ఆ డబ్బును జీతంగా కాకుండా వేరే రూపంలో అడగండి. ఆ వేరే రూపం గురించి కింద రాశాను.

మొత్తం బేసిక్ మీద పీఎఫ్ అయితే

సీటీసీలో ప్రతి వంద రూపాయల్లో 50 బేసిక్. దానిమీద కంపెనీ పీఎఫ్ 6, గ్రాట్యుటీ 2.405. మిగిలిన 91.595 గ్రాస్. అందులోంచి మీ వాటా 6. పన్ను లేకపోయినా వందకు 85.595 మాత్రమే చేతికి, అందులోంచి వృత్తి పన్ను. ఈ లెక్కన 12,02,400ను 0.85595తో భాగిస్తే 14,04,755 వస్తుంది. ఇక్కడ ఆగిపోతే తప్పు. ఆ సీటీసీకి గ్రాస్ 12,86,685, అంటే గోడ దాటేశారు, పన్ను మొదలైంది.

గోడకు ఇవతల ఉండేలా గ్రాస్ సరిగ్గా 12,75,000 పెట్టుకుంటే సీటీసీ 13,91,998, చేతికి నెలకు 99,090. లక్షకు 910 తక్కువ. సీటీసీని పెంచుకుంటూ పోతే 14,69,063 దగ్గర చేతికొచ్చేది 98,469కి పడిపోతుంది. ఆ తర్వాతే మళ్లీ పెరగడం మొదలు. అక్కడి నుంచి గ్రాస్ 16,75,000 దాకా ఏడాదికి చేతికొచ్చేది, సీటీసీని 0.71306తో గుణించి 1,34,100 కలిపినంత. దీన్ని వెనక్కి తిప్పితే, 12,00,000లోంచి 1,34,100 తీసేసి 0.71306తో భాగిస్తే 14.95 లక్షలు. పన్ను 77,092, మీ పీఎఫ్ 89,689.

ఆ 910 కోసం లక్షకు పైగా సీటీసీ అడగడం కంటే 99,090తో సర్దుకోవడం చాలామందికి మేలు. అది మీ ఇష్టం, కానీ ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని నిర్ణయించుకోండి. ఇంకో మాట, పీఎఫ్‌ను పోయిన డబ్బుగా చూడకండి. 14.95 లక్షల పద్ధతిలో రెండు వాటాలూ కలిపి ఏడాదికి 1,79,378 మీ పేరున జమవుతుంది, 1,800 పద్ధతిలో 43,200 మాత్రమే. ఇప్పుడు ఇంటి అద్దె, ఈఎమ్ఐలు గట్టెక్కడం ముఖ్యమా, దాచుకోవడం ముఖ్యమా అన్నదాన్ని బట్టి ఏది మంచిదో తేలుతుంది.

నెలకు 1,50,000 కావాలనుకునేవాళ్లకు: 1,800 పద్ధతిలో పన్ను తర్వాతి మొత్తం 18,24,000, గ్రాస్ 20,20,707, సీటీసీ 20.93 లక్షలు. మొత్తం బేసిక్ మీద పీఎఫ్ అయితే సీటీసీ 23.81 లక్షలు.

వేరియబుల్ ఉంటే

ఆఫర్ లెటర్లో "14.26 లక్షలు" అని పెద్ద అక్షరాల్లో ఉండి, కింద యాన్యెక్షర్‌లో 1,50,000 పెర్ఫార్మెన్స్ పే అని చిన్నగా ఉంటే, నెలనెలా మీకొచ్చేది 12.76 లక్షల లెక్కే. అంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిది పన్ను దెబ్బ.

పైన లెక్కలో మీ గ్రాస్ 12,24,000. గోడకు ఇంకా 51,000 ఖాళీ ఉంది. వేరియబుల్ ఆ లోపు ఉంటే పన్ను లేదు. అది 1,50,000 అయితే మొత్తం గ్రాస్ 13,74,000 అవుతుంది, పన్ను 77,844. లక్షన్నర బోనస్‌లో మీకు మిగిలేది 72,156. పైగా కొన్ని పేరోల్ టీములు వేరియబుల్‌ను ఏప్రిల్‌లోనే అంచనా ఆదాయంలో కలిపేసి టీడీఎస్‌ను పన్నెండు నెలలకూ పంచుతాయి. అప్పుడు నెలకు 6,487 చొప్పున పోయి లక్ష కాస్తా 93,513 అవుతుంది, బోనస్ ఇంకా రాకముందే. మరికొన్ని బోనస్ ఇచ్చిన నెలలోనే కోస్తాయి. ఏ పద్ధతో హెచ్ఆర్‌ను అడిగి తెలుసుకోండి. అడగదగ్గ ప్రశ్నే, సంకోచం అక్కర్లేదు.

జాయినింగ్ బోనస్‌కూ ఇదే లెక్క. అది కూడా జీతమే, అదే ఏడాది ఆదాయంలో కలుస్తుంది. ఏడాది లోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉంటే, పన్ను పోక ముందు మొత్తమా, పోయాక చేతికొచ్చిన మొత్తమా తిరిగి కట్టాల్సింది అని కాగితం మీద చూసుకోండి.

జీతం చిన్నదైతే

గ్రాస్ నెలకు 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కోత వస్తుంది: మీ వాటా 0.75 శాతం, కంపెనీది 3.25 శాతం. ఉదాహరణకు 18,000 చేతికి రావాలి, పీఎఫ్ గ్రాస్‌లో సగం మీద అనుకుందాం. వందకు 6 పీఎఫ్, 0.75 ఈఎస్ఐ, మిగిలేది 93.25. 18,000కు వృత్తి పన్ను 150 కలిపి 0.9325తో భాగిస్తే 19,464. పీఎఫ్ 1,168, ఈఎస్ఐ 146, వృత్తి పన్ను 150 పోను సరిగ్గా 18,000.

అయితే ఈ స్థాయి జీతాల్లో పీఎఫ్‌ను బేసిక్ ఒక్కదాని మీదే కోస్తారని అనుకోకండి. అందరికీ సమానంగా ఇచ్చే అలవెన్సులు కూడా పీఎఫ్ లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తేల్చింది. అందుకే చాలా చోట్ల హెచ్ఆర్ఏ తప్ప మిగతా అంతా కలిపి, 15,000 పరిమితి దాకా, 12 శాతం కోస్తారు. అలా 1,800 కోస్తే అదే 18,000కు గ్రాస్ 20,150 దాకా కావాలి, వృత్తి పన్ను కూడా 200 అవుతుంది. జీతం మధ్యలో పెరిగి 21,000 దాటినా, ఆ ఆరు నెలల కాలం, అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లేదా అక్టోబరు నుంచి మార్చి, ముగిసేదాకా ఈఎస్ఐ కోత కొనసాగుతుంది. వైద్య సదుపాయం కూడా కొనసాగుతుంది కాబట్టి దానికి బాధపడనక్కర్లేదు.

ఎక్సెల్‌లో చేసేవాళ్లకు

సీటీసీ నుంచి చేతికొచ్చేదాకా లెక్కను మామూలుగా కట్టి, డేటా ట్యాబ్‌లో వాట్-ఇఫ్ అనాలిసిస్ కింద గోల్ సీక్ వాడితే వెనక్కి తిప్పే శ్రమ తప్పుతుంది. కానీ గోడ దగ్గర అది మోసపోతుంది. పీఎఫ్ 1,800 పద్ధతిలో ఏడాదికి 12,50,000 చేతికి కావాలంటే మూడు గ్రాస్‌లు సరిపోతాయి: 12,74,000, 13,00,000, 13,47,749. మూడింటికీ చేతికొచ్చేది ఒక్కటే. గోల్ సీక్ మీరు మొదట ఏ అంకె పెట్టారో దానికి దగ్గరున్నదాన్ని పట్టుకుని ఆగిపోతుంది. కాబట్టి 10 లక్షలతో ఒకసారి, 15 లక్షలతో ఒకసారి నడిపి చూడండి. రిబేటు, మార్జినల్ రిలీఫ్ రెండూ మీ సూత్రంలో ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి పన్ను వేయదగ్గ ఆదాయం 12,10,000 పెట్టండి. పన్ను 10,400 రావాలి. 63,960 వస్తే రిలీఫ్ మర్చిపోయినట్టు.

పాత విధానం, ఎన్‌పీఎస్

పాత విధానం గురించి పొడుగ్గా చెప్పను. పైన 1,50,000 ఉదాహరణలో గ్రాస్ 20,20,707కు కొత్త విధానం పన్ను 1,96,707. పాతదాంట్లో అంతే పన్ను రావాలంటే స్టాండర్డ్ డిడక్షన్ 50,000తో కలిపి మినహాయింపులు 7.65 లక్షలు ఉండాలి. 80సీ లక్షన్నర, గృహ రుణ వడ్డీ రెండు లక్షలు కలిపినా చాలదు, పెద్ద హెచ్ఆర్ఏ కూడా తోడవ్వాలి. మీ లక్ష లెక్కలోనైతే కొత్తదాంట్లో పన్నే లేదు. మీరేమీ చెప్పకపోతే కంపెనీ కొత్త విధానంలోనే టీడీఎస్ వేస్తుంది.

ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) మాత్రం ఆలోచించదగ్గది. కంపెనీ వాటాగా బేసిక్‌లో 14 శాతం దాకా ఎన్‌పీఎస్‌లో వేస్తే కొత్త విధానంలోనూ దానికి పన్ను లేదు. 14.95 లక్షల సీటీసీ ఉదాహరణ తీసుకోండి. బేసిక్‌లో 14 శాతం 1,04,637. దాన్ని అలవెన్సులోంచి ఎన్‌పీఎస్‌కు మార్చమంటే పన్ను వేయదగ్గ ఆదాయం 11,89,544కు దిగి, 77,092 పన్ను మొత్తం పోతుంది. చేతికొచ్చేది నెలకు లక్ష నుంచి 97,705కు తగ్గుతుంది. నెలకు 2,295 వదులుకుంటే ఏడాదికి 1,04,637 మీ ఎన్‌పీఎస్ ఖాతాలో చేరుతుంది. పైన చెప్పిన వేరే రూపం ఇదే. ఆ డబ్బులో ఎక్కువ భాగం చాలా ఏళ్ల దాకా కదలదని గుర్తుంచుకుని మరీ ఎంచుకోండి. కంపెనీ పాలసీలో కార్పొరేట్ ఎన్‌పీఎస్ ఉంటేనే ఇది కుదురుతుంది. మీ సొంతంగా కడితే కొత్త విధానంలో ఈ లాభం రాదు.

ఏడాది మధ్యలో చేరితే

అక్టోబరులో కొత్త కంపెనీలో చేరి, పాత కంపెనీ జీతం వివరాలు ఇవ్వకపోతే, వాళ్లు ఆరు నెలల జీతం మీదే అంచనా వేసి టీడీఎస్ సున్నా చూపిస్తారు. పాత కంపెనీ కూడా స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు ఇచ్చే ఉంటుంది. రెండుసార్లు వాడుకున్న ఆ రిబేటు రిటర్ను వేసే జులైలో బాకీగా బయటపడుతుంది, వడ్డీతో. అందుకని చేరిన మొదటి నెలలోనే పాత జీతం, అక్కడ కోసిన టీడీఎస్ వివరాలు కొత్త పేరోల్‌కు ఇచ్చేయండి. మొదటి కొన్ని నెలలు చేతికి ఎక్కువొచ్చి ఏప్రిల్ నుంచి తగ్గితే కారణం కూడా చాలాసార్లు ఇదే: పూర్తి ఏడాది జీతం మీద లెక్క అప్పుడే మొదలవుతుంది.

ఇక హెచ్ఆర్‌కు ఏం రాయాలి? సీటీసీ అంకె చెప్పకుండా గ్రాస్ చెప్పండి: "పీఎఫ్ 15,000 పరిమితి మీద అయితే నెలకు ఫిక్స్‌డ్ గ్రాస్ 1,02,000 ఆశిస్తున్నాను. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద అయితే 1,14,100. వేరియబుల్, ఇన్సూరెన్సు, గ్రాట్యుటీ దీనికి అదనం. ఆఫర్‌కు ముందు జీతం విభజన పట్టిక పంపగలరా?" ఫారంలో సీటీసీ గడి నింపక తప్పకపోతే, పీఎఫ్ పద్ధతి తెలిసేదాకా 15 లక్షలు రాయండి. పట్టిక వచ్చాక మొదట మూడు లైన్లు చూడండి: కంపెనీ పీఎఫ్ 1,800 ఉందా ఇంకా ఎక్కువుందా, ఫిక్స్‌డ్ అన్న కూడికలో గ్రాట్యుటీ కలిపేశారా, ఇన్సూరెన్సు ప్రీమియం మీ సీటీసీలోంచే తీస్తున్నారా. ఆ మూడూ తేలాక సంతకం చేయండి.